ఏ విమానం వస్తాది, మరిదీ?

కొన్నాళ్ళుగా నేను బస్టాండు దగ్గర టీ తాగడం మానేశాను. టీ బాగాలేక కాదు. టీతో పాటు ఉచితంగా పోసే యుద్ధం పడక.

సరిహద్దులో కాల్పులు మొదలైన ఆ వారంలో మా ఉదయగిరిలో ఒక్కో టీ బంకూ ఒక్కో సైనిక కార్యాలయం అయిపోయింది. అంతకు ముందురోజు దాకా కందుల ధర గురించీ కరెంటు కోతల గురించీ మాట్లాడుకున్న మనుషులు, ఉన్నట్టుండి యుద్ధ విమానాల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. అంతా 'గురించి' మాట్లాడేవాళ్ళే గానీ గురి సంగతి ఎత్తినవాడు ఒక్కడూ లేడు. సినిమా హీరోలకి ఉన్నట్టు విమానాలకి కూడా అభిమానులు తయారయ్యారు. రష్యా విమానం వర్గం ఒక బెంచీ మీద, అమెరికా విమానం వర్గం ఎదుటి బెంచీ మీద. మధ్యలో నేను. ఎందుకంటే ఊళ్ళో నా పేరు 'పైలెట్ సారు'.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. నేను వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మాట వాస్తవమే. పైలెట్‌ని మాత్రం కాదు. విమానం రెక్కల కింద బాంబులు తగిలించడం, తుపాకీలో గుండ్లు నింపడం నా పని. అంటే నేను విమానం ఎక్కలేదు, విమానానికి ఎక్కించాను. ఆకాశంలో ఉద్యోగమని చెప్పి మా మామగారు పిల్లనిచ్చారు గానీ, ఆ ఉద్యోగంలో నేను చేరుకున్న అతి పెద్ద ఎత్తు నిచ్చెన మూడో మెట్టు. ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. ఊరు వినలేదు. వింటే వాళ్ళకి పైలెట్ ఉండడు కదా.

"పైలెట్ సారూ, ఇయ్యాల తేల్చాల్సిందే," అన్నాడు విత్తనాల షాపాయన, టీ గ్లాసు నా చేతికిస్తూ. "నేలమీద మన జవాన్లు ఇరుక్కున్నారనుకో. పైనుంచి వచ్చి కాపాడేదానికి అమెరికా వోళ్ళ ఎ-టెన్ గొప్పదా, రష్యా వోళ్ళ సు-పాతిక గొప్పదా?"

ప్రశ్న మంచిదే. నాకు ఉత్సాహం వచ్చింది. రిటైరైనవాణ్ణి వాడి పని గురించి అడగడమంటే, ముసలి ఎద్దుకి మళ్ళీ కాడి చూపించడమే. మెడ దానంతటదే ముందుకొస్తుంది.

చెప్పుకుంటూ పోయాను. శత్రువు మనవాళ్ళకి కూతవేటు దూరంలో ఉన్నప్పుడు, మనవాళ్ళ మీద పడకుండా అవతలివాళ్ళని మాత్రమే కొట్టడం అన్నిటికంటే కష్టమైన పని. దానికి వేగం పనికిరాదు. జెట్ విమానం మా ఊరి నుంచి దుత్తలూరు దాకా టీ గుటక మింగేలోపు పోతుంది. ఆ గుటకలో కింద ఎవడు మనవాడో, ఎవడు కాదో ఎట్లా తెలుస్తుంది? మన దుర్గం కొండెక్కి బస్టాండు కేసి చూడండి, మీ అన్నదమ్ముణ్ణే గుర్తుపట్టలేరు. అందుకే అమెరికా వాళ్ళు ఎ-టెన్‌ని నెమ్మదిగా తిరిగేట్టు కట్టారు. ముందు ఒక పెద్ద తుపాకీ చేసుకొని, దాని చుట్టూ విమానం కట్టారు అంటారు. పైలెట్ కూర్చునే చోటు ఒక లోహపు తొట్టి, గుండ్లు దూరవు. సు-పాతిక కూడా అదే జాతి, మొండిఘటం. దెబ్బలు తిని ఇంటికొస్తుంది. మన దగ్గర అట్లాంటిది లేదు. మేం మిగ్-ఇరవై ఏడుతో నెట్టుకొచ్చాం. పైలెట్‌కి నేల కనబడాలని దాని ముక్కు కిందికి చెక్కినట్టుండేది. తుపాకీ పేలిస్తే ఒక్కోసారి దాని దీపాలే పగిలేవి. అదీ నాలాగే రిటైరైంది. జాగ్వార్‌లు ఉన్నాయి గానీ అవి దూరం పోయి కొట్టి రావడానికి పుట్టినవి. ఇప్పుడు హెలికాప్టర్లు వచ్చాయి, నిలబడి చూడగలవు, కానీ నిలబడ్డదాన్ని కిందివాడు కూడా చూడగలడు...

"అదంతా సరే గానీ, గెలిచిందేది?" అన్నాడు ఎదుటి బెంచీవాడు.

"గెలవడం ఏంది?"

"పదికి మార్కులెయ్యి సారూ. దీనికెన్ని, దానికెన్ని?"

"కింద ఉన్న జవాను బతికితే పదికి పది. చస్తే సున్నా," అన్నాను.

"ఆ జవాన్ సంగతి తర్వాత చూద్దాంలే. ముందు మార్కులు చెప్పు."

నాకు కోపం చాలా అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు నా గొంతు లేవదు, చెయ్యి వణుకుతుంది. టీ చొక్కా మీద ఒలికింది. వాళ్ళు నవ్వారు. పైలెట్ సారుకి వయసైపోయిందని ఎవడో జాలిపడ్డాడు.

ఆ నవ్వులు వింటూ బస్సు దిగుతున్నామె మా చర్చి సంఘంలోనే సభ్యురాలు. నాకు వదిన వరస. వరికుంటపాడు పక్కన కాస్త మెట్ట చేను, కంది వేస్తుంది. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు. సైన్యంలో జవాను. ఆ వారం వాడు ఉన్నది సరిగ్గా ఆ కాల్పులు జరిగే చోట. టీ బంకు దగ్గర తర్వాత చూద్దామన్న జవాను వాడే.

నన్ను పక్కకి పిలిచింది.

"మరిదీ, మావోడు ఇరుక్కుంటే ఏ విమానం వస్తాది?"

"ఏదో ఒకటి వస్తుందిలే వదినా."

"ఏదో ఒకటంటే ఎట్టా? ఆదివారం ప్రార్థనలో ఏమని చెప్పాల? దాన్ని నడిపే పిల్లోడి కోసరం కూడా చెయ్యాల గదా. పేరు చెప్పు."

"దేవుడికి తెలుసులే వదినా."

"తెలుసు. అయినా చెప్పాల."

ఈ 'అయినా చెప్పాల' అన్నదాంట్లోనే మా సంఘమంతా ఉంది. మిషనరీ దొరలు వచ్చిన కాలం నుంచి మావాళ్ళు వట్టి మాటల ప్రార్థన చేయరు. పూర్తి అడ్రసుతో చేస్తారు. ఎవరికైనా జబ్బు చేస్తే "ప్రభువా, నెల్లూరు పెద్దాసుపత్రిలో, పై అంతస్తులో, లిఫ్టు దిగంగానే ఎడంపక్క, కిటికీ వార మంచం మీదుండే నీ బిడ్డను ముట్టుము" అంటారు. బెంగుళూరులో కూలికి పోయినవాడి కోసం చేస్తే ఏ మేస్త్రీ కింద పనిచేస్తున్నాడో, ఆ అపార్టుమెంటు ఎన్నో అంతస్తు దాకా లేచిందో కూడా వస్తుంది. బయటివాళ్ళకి నవ్వొస్తుంది. నాకూ వచ్చేది. కానీ ఆ ప్రేమలో ఒక పద్ధతి ఉంది: మనవాడు ఎక్కడున్నాడో మనకి ఖచ్చితంగా తెలుసు అని చెప్పుకోవడమే సగం ధైర్యం.

ఆదివారం మధ్యాహ్నం సైనికుల కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. మా పాస్టరు అయ్యగారు పెద్ద మనసున్న మనిషి, చిన్న మైకుతో సరిపెట్టుకోలేడు. ఆత్మకూరు నుంచి ఒక యూట్యూబ్ చానెలాయన్ని పిలిపించాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మంచి జుట్టు, మంచి కెమెరా. నన్ను చూసి "అంకుల్, ప్రోగ్రాం అయినాక మీతో ఒక కంపారిజన్ వీడియో చేద్దాం. క్లోజ్ ఎయిర్ సపోర్టుకి, అదే కింద జవాన్లని పైనుంచి కాపాడేదానికి, టాప్ విమానాలు. మంచి గిరాకీ ఉండాది దానికి," అన్నాడు. నేను జుట్టు సవరించుకున్నాను. నాకున్నది సవరించుకునేంత కాదు, అయినా అలవాటు.

వదిన ముందుకెళ్ళి మోకరించింది. చానెలాయన కెమెరా ఆమె మొహానికి దగ్గరగా పెట్టాడు.

మొదట మామూలుగానే సాగింది. తర్వాత అడ్రసు మొదలైంది. ఏ లోయ, ఆ లోయలో ఏ ఊరికి పైన, ఏ వాగుకి ఏ పక్క. వాళ్ళ కాపలా స్థావరాన్ని జవాన్లు ఏ ముద్దుపేరుతో పిలుచుకుంటారో. ఎంతమంది ఉన్నారో. పొద్దున్నే నీళ్ళ కోసం ఏ దారిన దిగుతారో. కొడుకు ఫోనులో అమ్మకి చెప్పుకున్న ముచ్చట్లన్నీ ఆమె ఒక్కొక్కటిగా ఏరి దేవుడి ఒళ్ళో పోస్తోంది. ఆ పేర్లు నేనిక్కడ రాయను. రాస్తే ఆ చానెలాయనకీ నాకూ తేడా జుట్టు ఒక్కటే.

కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతోంది. లైవ్. వాడికది లైవ్, ఆ పిల్లోడికది లైఫ్. ప్రార్థనలో ఉన్న మనిషిని చెయ్యి పట్టి లేపడం మాలో లేదు. ప్రార్థన మరీ పొడవైతే పెద్దవాడెవడో గట్టిగా "ఆమెన్" అంటాడు, అవతలివాళ్ళు అర్థం చేసుకొని ముగిస్తారు. అదొక్కటే మర్యాద. వెనక బెంచీలోంచి లేచి "ఆమెన్!" అన్నాను.

పైలెట్ సారు కదిలిపోయాడనుకున్నారు. సంఘమంతా నాకంటే గట్టిగా "ఆమెన్!" అంది. వదినకి బలం వచ్చింది. మిగిలిన రెండు వివరాలు కూడా చెప్పేసింది.

నేను చానెలాయన దగ్గరికి పోయి కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టేసరికి అంతా అయిపోయింది. "అంకుల్, ఫ్రేములోకి వస్తున్నారు," అన్నాడు చిరాగ్గా.

అయ్యగారికి చెప్పాను. "దేవుని మందిరంలో చెప్పిన మాటకి కీడెట్లా వస్తుంది తమ్ముడూ?" అన్నాడు. "పైగా చూడు, ఎంతమంది చూస్తున్నారో!" ఆయన ఫోనులో ఆ వీడియో అప్పటికే కొత్త బట్టలు తొడుక్కుంది. మధ్యలో వదిన ఏడుపు మొహం. ఒక పక్క ఎ-టెన్, ఇంకో పక్క సు-పాతిక. రెండిటికీ నడుమ, సరిగ్గా ఆమె నుదుటి మీద, ఎర్రగా 'వర్సెస్' అని. కింద: 'ఈ తల్లి కన్నీరు తుడిచే విమానం ఏది?'

కోపం గురించి ఇంతకాలం నాకు తెలిసింది తక్కువ అని ఆరోజు తెలిసింది. ఇరవై ఏళ్ళు బాంబులు మోసినవాణ్ణి. బాంబు మనిషికి కోపగించుకోదు. అది ఇనుము, నేను తగిలిస్తే తగులుకుంటుంది. ఆ బొమ్మ చూసినప్పుడు మాత్రం నాలో ఎవడో పిన్ను లాగేశాడు. విమానాల మీద అంత అభిమానం. మనిషికి ఇంత అవమానం.

మర్నాడు పొద్దున చానెలాయన్ని కలుద్దామని ఆత్మకూరు బస్సెక్కుతుంటే వదిన కూడా ఎక్కింది. "నువ్వు నిన్నటి నుంచీ నా మొకం చూడకుండా తిరగతా ఉండావు. ఏంది సంగతి?" అంది. తప్పించుకోవడానికి బస్సులో దారేది? చెప్పాను.

"వదినా, నిన్న నువ్వు దేవుడికి చెప్పినదంతా ఫోన్లలో పోయింది."

"పోనీ. సాక్ష్యం గదా. నలుగురూ వింటే మంచిదే."

"నాలుగోవాడు అవతలి దేశంవాడైతే?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట మెట్ట చేలు, ఎండిన జొన్న చొప్ప. చేతిలోని వేరుశెనక్కాయల సంచీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"వాడు నీళ్ళకి దిగే దారి చెప్పినాను," అంది మెల్లగా.

"ఊఁ."

"పొద్దున్నే అని కూడా చెప్పినాను."

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. అంత కోపం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు యాడుండావు అప్పుడు? యుద్ధం పని చేసినోడివి. నీకు తెలియదా?"

"ఆపుదామనే వదినా, ఆమెన్ అన్నాను."

"ఆపాలంటే ఆపు అనాల! ఆమెన్ అంటే నేనేమనుకుంటాను, బాగా చెప్తా ఉండాను కామాల అనుకున్నాను!" బస్సంతా మా వైపు చూసింది. "మర్యాద మర్యాద అని నా బిడ్డను మర్యాదగా అప్పజెప్పినారు గదరా అందరూ కలిసి!"

నా వయసులో, నిండు బస్సులో, ఆ 'రా' నాకు న్యాయంగానే దక్కింది.

చానెల్ ఆఫీసు ఎరువుల దుకాణం పైన. మెట్లెక్కుతుంటే కింద యూరియా వాసన, పైన సాంబ్రాణి వాసన. గోడకి నీలం గుడ్డ కట్టి దాని మీద ఎగిరే విమానాల బొమ్మలు అంటించారు. రెండు కుర్చీలు, రెండు పెద్ద లైట్లు.

"అంకుల్! మీరే వచ్చేశారా! అమ్మా, మీరు కూడానా!" అతను నిజంగానే సంతోషించాడు. అదే నాకు ఇంకా మండింది. చెడ్డవాడైనా బాగుండేది. "అమ్మా, మీరు స్టేటంతా ఫేమస్."

"ఆ వీడియో తీసెయ్యి," అన్నాను.

"తీసెయ్యాలా? ఎందుకంకుల్?"

చెప్పాను. అతను బుర్ర గోక్కున్నాడు. "అంత దూరం ఆలోచించలేదు అంకుల్. కానీ ఇప్పుడు తీసేస్తే చానెల్ పడిపోద్ది. ఎమోషన్ బాగా కనెక్టయింది జనానికి. పోనీ, ఆ ఊరి పేరొచ్చిన కాడ బీప్ వేస్తాను. మీరు బదులుగా ఒక పది నిమిషాలు కంపారిజన్ ఇవ్వండి. రెండు విమానాలూ పెట్టి..."

"కంపారిజన్ కావాలా?" అన్నాను. "విను. కింద చిక్కుకున్నవాణ్ణి కాపాడటానికి విమానం కంటే ముందు కావాల్సింది ఒక మాట. నేనిక్కడున్నాను, వాళ్ళక్కడున్నారు అనే మాట. ఆ మాట చెప్పడానికి ఒకణ్ణి ప్రత్యేకంగా తయారు చేస్తారు. వాడు దాన్ని అందరికీ వినబడేట్టు అరవడు. సంకేతాల్లో, ఒక్క పైలెట్ చెవిలో పడేట్టు చెప్తాడు. ఆ మాటలో ఇసుమంత తేడా వస్తే పైనుంచి పడేది మనవాళ్ళ నెత్తినే. అంత జాగ్రత్తగా దాచుకునే మాటని నువ్వు పాట పెట్టి, బొమ్మలు పెట్టి లోకానికి వదిలావు. మా విమానం ఆ మాట విని కాపాడ్డానికి వస్తుంది. అవతలివాడి విమానం కూడా అదే మాట విని రావచ్చు కదా? ఏది గొప్పదో తేల్చమంటావా? ఎ-టెన్ కాదు, సు-పాతిక కాదు. నీ చేతిలో ఫోను గొప్పది. చప్పుడు చెయ్యదు. రాడార్‌కి చిక్కదు. పెట్రోలు అడగదు. నేరుగా పోయి పడుతుంది."

అతని కళ్ళు మెరిశాయి.

"సూపర్ అంకుల్," అన్నాడు. "ఇదే మాట ఆ కుర్చీలో కూర్చొని, ఒక్కసారి కెమెరాకి చెప్పండి."

చెయ్యి వణకడం మొదలైంది. ఒలకడానికి టీ కూడా లేదు.

వదిన మాత్రం పోయి ఆ కుర్చీలో కూర్చుంది. అతిథి కుర్చీ, లైట్ల ఎదుట. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఒక వేరుశెనక్కాయ తీసి, పటక్కున ఒలిచి, పొట్టు ఆ మెరిసే నేల మీద పడేసింది.

"అమ్మా, అది గెస్టులకి..."

"నేను గెస్టునే గదా. నా మొకం ఊరూరా చూపించినావు. ఇప్పుడు నేనే వచ్చినాను. తనివిదీరా చూసుకో."

"అమ్మా, పన్నెండింటికి ఒక పెద్దాయన ఇంటర్వ్యూ ఉండాది. ఆయన వచ్చేస్తాడు."

"రానీ. నా పక్కన కూర్చోని మాట్లాడమను. నేనూ మాట్లాడతాను. నా కొడుకు నీళ్ళకి దిగే దారిలో నువ్వు లైటేసి పెట్టినావని చెప్తాను. నీకు అమ్మ ఉండాదా?"

"ఉంది..."

"యాడుండాది?"

అతను నోరు తెరిచాడు, వెంటనే మూశాడు. కెమెరా వంక ఒకసారి చూశాడు, అది ఆడుతోందేమోనని. ఆ ఒక్క చూపుతో అతనికి అర్థమైందనుకుంటాను. నా ఉపన్యాసమంతా కలిసి చెయ్యలేని పని.

"అట్టనే నాకూ అనిపించాల్సింది," అంది వదిన. "నాకు తెలియదు. నీకు చదువుండాది, అయినా తెలియలేదు. ఇప్పుడు తెలిసింది గదా. తీసెయ్యి."

కింద కారు ఆగింది. మెట్ల మీద నలుగురైదుగురి చెప్పుల చప్పుడు. చానెలాయన వదిన వంకా తలుపు వంకా పొట్టు వంకా చూసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తీసేశాడు. వదిన నన్ను పిలిచింది: "మరిదీ, పొయ్యిందేమో చూడు. ఈసారైనా సరిగ్గా చూడు." చూశాను. పోయింది. ఆమె లేచి, పొట్టంతా చేత్తో ఊడ్చి సంచీలో వేసుకొని, మెట్లెక్కుతున్న పెద్దమనిషికి నమస్కారం పెట్టి దిగింది.

ఇక్కడితో ఆగి ఉంటే నేనీ మాటలు ఇంత కోపంగా రాసేవాణ్ణి కాదు.

తిరుగు బస్సులో మా ముందు సీటాయన ఫోనులో వదిన గొంతు వినిపించింది. "ప్రభువా, ఆ వాగుకి ఎగువన..." అదే వీడియో. ఎవడో దించుకొని వాట్సాప్‌లో వదిలాడు. పైన ఎర్రగా 'తప్పక షేర్ చేయండి' అని ఉంది. నేను అతని భుజం తట్టాను.

"అన్నా, అది కట్టెయ్యి."

"యాన్నో మన సైడు తల్లి అంట అన్నా," అన్నాడతను వెనక్కి తిరిగి. కళ్ళల్లో నిజంగానే నీళ్ళు. "వింటా ఉంటే కడుపు తరుక్కుపోతా ఉండాది. నీకు కూడా పంపేదా?"

ఆ తల్లి అతని వెనక సీట్లోనే, మొహం మీదికి కొంగు లాక్కొని కూర్చుంది. అతను గుర్తుపట్టలేదు. ఇంతసేపూ చూసిన మొహాన్నే గుర్తుపట్టలేదు. నేను ఆ ఫోను లాక్కొని కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. విసరలేదు. ఇన్ని చేతుల్లో ఉన్నప్పుడు ఎన్నని విసరగలను? ఇందులో శత్రువు లేడు. అదే నా ఏడుపు. అయ్యగారిది భక్తి, చానెలాయనది బతుకుతెరువు, ముందు సీటాయనది జాలి, టీ బంకువాళ్ళది దేశభక్తి. అందరివీ మంచి ఉద్దేశాలే. ఇన్ని మంచి ఉద్దేశాలు కలిసి ఒక పిల్లవాడి నెత్తి మీద గుర్తు పెట్టాయి. కోప్పడటానికి ఒక్క దుర్మార్గుణ్ణైనా మిగల్చలేదు నాకు. అందరి మీదా సమానంగా కోప్పడాల్సి వచ్చింది, నాకు మాత్రం కొంచెం ఎక్కువ పంచుకున్నాను.

ముందు సీటాయన దుత్తలూరు చీలిక దగ్గర దిగిపోయాడు. అప్పుడు వదిన కొంగు తీసింది.

"ఇప్పుడు నిజం చెప్పు మరిదీ. ఏ విమానం వస్తాది?"

ఈసారి దేవుడి మీదికి తొయ్యలేదు. "ఏది దగ్గర్లో ఉంటే అది వదినా. గొప్పదే వస్తుందని లేదు. మబ్బు పడితే రాదు. రెండు గుంపులూ మరీ దగ్గరైపోతే, వచ్చినా ఏమీ చెయ్యలేదు. కొన్నిసార్లు ఏదీ రాదు."

"ఏదీ రాకపోతే?"

"పక్కన ఉన్నవాళ్ళే."

ఆమె తలూపింది. ఏదో తెలిసిన లెక్క సరిపోయినట్టు. "పక్కనుండేవోళ్ళు నాకు తెలుసు. ఒకడిది కేరళ అంట. ఇంకొకడు..." అని పెదాలు బిగించింది. బస్సంతా ఒకసారి కలయజూసింది. డ్రైవర్ని కూడా వదల్లేదు.

తర్వాత ఎదురుచూపు. కొడుకు ఫోను రాలేదు. మా ఇద్దరికీ వార్తలు చూసే ధైర్యం లేదు. టీవీలో మటుకు ఇంకా విమానాలే. ఒకదాని రెక్క పొడవు, ఇంకొకదాని ధర, రంగురంగుల పట్టికలు. ఆ పట్టికల్లో అన్ని గళ్ళూ ఉన్నాయి, కింద నిలబడ్డవాడికి మాత్రం ఒక గడి లేదు. చానెలాయన 'ఆ వీడియో ఎందుకు తొలగించాం? సంచలన నిజాలు' అని కొత్త వీడియో పెట్టాడు. అర్థమైంది అనుకున్నాను కదా. అర్థం కావడం ఒకటి, మారడం ఒకటి.

వారం దాటాక ఒక మధ్యాహ్నం వదిన మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో ఫోను. గుమ్మంలోనే కూలబడింది. నా భార్య నీళ్ళు తెచ్చేలోపు నా గుండె ఎక్కడెక్కడికో పోయొచ్చింది.

"తిట్టినాడు మరిదీ," అంది.

"ఎవరు?"

"నా కొడుకు! వాళ్ళ గుంపులో కడప పిల్లోడు ఎవురో ఉండాడంట, వాడి ఫోనుకి వచ్చిందంట నా ప్రార్థన. వాడు చూపించినాడంట. పై ఆఫీసరు పిలిచి మావోణ్ణి నిలబెట్టి కడిగేసినాడంట, ఇంట్లో ఇయ్యన్నీ ఎందుకు చెప్పినావని. గుంపు గుంపునంతా యాడికో మార్చినారంట. మావోడి సెలవు పొయ్యిందంట. విచారణంట. ఫోనెత్తంగానే మొదలుపెట్టినాడు. నీకు బుద్ధుండాదా అమ్మా అన్నాడు. నువ్వూ నీ ప్రార్థనా అన్నాడు. నా పక్కనోళ్ళ అమ్మలకి ఏం చెప్పాల్సొచ్చేది అన్నాడు. తిన్నావా అని కూడా అడగలా."

చెప్పడం చెప్పడమే, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి, నోరు మాత్రం చెవుల దాకా సాగి ఉంది.

నాకు ఆ పిల్లవాడి సెలవు తల్చుకుంటే ఒళ్ళు మండిపోయింది. వీడియో పెట్టినవాడికి కొత్త వీడియో దొరికింది, చూసినవాళ్ళకి కన్నీళ్ళు దొరికాయి, శిక్ష మాత్రం వెతుక్కుంటూ పోయి ఆ కొండ మీద నిలబడ్డవాడికే తగిలింది. గురి తప్పకుండా. ఆ మాటే అన్నాను, గట్టిగానే అన్నాను. నా గొంతు నిజంగానే లేచింది.

వదిన వినడం లేదు. ఫోనుని రెండు చేతులతో పట్టుకొని, ఇంకా అందులో ఎవరో ఉన్నట్టు చూస్తోంది.

"వాడు తిట్టి తిట్టి అలిసిపొయ్యి, ఇంక పెట్టేస్తాను అన్నాడు మరిదీ," అంది. "అప్పుడే పెట్టొద్దు నాయనా, ఇంకొంచేపు తిట్టు అన్నాను."